రేకు డబ్బాలో 44 నాణేలు: గ్రేడింగుకు పంపాల్సినవి ఎన్ని?

ప్రశ్న: తాతగారి బీరువా సర్దుతుంటే రేకు డబ్బా ఒకటి బయటపడింది. అందులో 44 నాణేలున్నాయి. 1862 తేదీ ఉన్న విక్టోరియా రాణి రూపాయలు మూడు, 1877 నుంచి 1901 లోపు ‘ఎంప్రెస్’ రూపాయలు తొమ్మిది, ఎడ్వర్డ్ బొమ్మవి ఆరు, ఐదో జార్జివి పన్నెండు. వాటిలో ఒకటి 1911 నాటిది, మిగతావి 1912–1920 మధ్యవి. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలు నాలుగు. ఆరో జార్జి రూపాయల్లో 1939ది ఒకటి, 1940, 1944, 1945లవి కలిపి ఐదు, 1947వి రెండు. ఇవికాక 1969, 1970ల నాటి వెండి పది రూపాయల నాణేలు రెండు. మా నానమ్మ దీపావళి లక్ష్మీపూజకు పెట్టి ఏటా వీటిలో కొన్నింటిని చింతపండుతో తోమేదట. రెండింటికి పైన, దండలో గుచ్చడానికి అతికించిన చెవి (రింగు) తీసేసిన మచ్చ ఉంది. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వచ్చి వెళ్లేటప్పుడు డబ్బా మొత్తం తీసుకెళ్లి అక్కడే గ్రేడింగుకు, అంటే అసలువో కాదో తేల్చి స్థాయి అంకె వేయించడానికి ఇస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా? అన్నీ పంపాలా, కొన్నేనా? మిగిలినవి కూడా తోమి పంపితే మంచి గ్రేడు వస్తుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడదాం. దయచేసి ఇక ఒక్కటి కూడా తోమకండి. మొదటి ప్రశ్నకు జవాబు, డబ్బా మొత్తం తమ్ముడి చేతికి ఇవ్వకూడదు. అందులో 34 నాణేలు చట్టం ప్రకారం దేశం దాటడానికి వీల్లేదు. మిగిలిన పదింటిలో అమెరికా ఖర్చుకు తూగగలిగేది బహుశా ఒక్కటే, ఆ 1939 రూపాయి. అదీ అసలుదైతేనే. ఆ 34లో దేశంలోనే నిపుణులకు చూపించదగ్గవి రెండో మూడో తేలవచ్చు.

ముందు చట్టం సంగతి. 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం ఏదైనా ‘పురావస్తువు’ కిందికే వస్తుంది. దాని ధరతో, దొరికే తీరుతో సంబంధం లేదు. వందల రూపాయలకు అంగట్లో దొరికే 1918 రూపాయికీ ఇదే వర్తిస్తుంది. పురావస్తువును కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప మామూలు మనుషులెవరూ దేశం బయటికి పంపకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ‘తిరిగి తెచ్చుకుంటాం కదా’ అన్న వాదన చెల్లదు. కొరియర్ కాగితం మీద బహుమతి అని రాసినా, సూట్‌కేసులో చీరల మధ్య పెట్టినా అది ఎగుమతే. విమానాశ్రయంలో పట్టుబడితే నాణేలూ పోతాయి, తమ్ముడి ప్రయాణమూ ఆగుతుంది. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలన్నీ, 1920 లోపు జార్జి రూపాయలన్నీ ఈ గీతకు అవతలే ఉన్నాయి.

చార్మినార్ రూపాయల మీద తేదీ హిజ్రీ లెక్కలో ఉంటుంది. 1321 అంటే సుమారు 1903–04, 1329 అంటే 1911, 1343 అంటే 1924–25. తేదీ 13తో మొదలైంది కదా అని ఏడువందల ఏళ్ల నాటిదని పొరబడేవాళ్లూ ఉన్నారు, తేదీ చదవలేక ‘పాతది కాదులే’ అనుకునేవాళ్లూ ఉన్నారు. మీరు పంపిన ఫొటోల్లో నాలుగూ 1343 లోపువే, కాబట్టి అవీ కదలకూడదు. 1939, ఆ తర్వాతి నాణేలకు ఈ అడ్డు లేదు. అయినా రాజు బొమ్మ ఉన్న వెండి నాణేన్ని చూసి కస్టమ్స్ వాళ్లు ఆపే అవకాశం ఉంది కాబట్టి, భారత పురావస్తు శాఖ నుంచి ‘పురావస్తువు కాదు’ అన్న ధ్రువపత్రం తీసుకుని వెంట ఉంచుకోవడం మేలు. వెళ్లేటప్పుడే నాణెం వివరాలు, బరువు, ఫొటోలు కాగితం మీద చూపించి వెళ్లాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు కొత్త దిగుమతిగా లెక్కకట్టి సుంకం అడుగుతారు.

ఇక గ్రేడింగు అంటే మనం కొనేదేమిటో చూద్దాం. 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ లాంటి అమెరికా సంస్థలు నాణెం అసలుదో కాదో తేల్చి, 1 నుంచి 70 దాకా ఉన్న షెల్డన్ కొలమానం మీద అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇస్తాయి. ఈ డబ్బీనే సేకర్తలు స్లాబ్ అంటారు. 60 నుంచి 70 వరకు చేతులు మారని, అరుగుదల లేని నాణేలు, వీటి ముందు ఎంఎస్ అని ఉంటుంది. 50 నుంచి 58 వరకు ఏయూ, అంటే ఎత్తైన చోట్ల మాత్రమే కాస్త రాపిడి తగిలినవి. ఇంకాస్త అరిగిన 40, 45లకు ఎక్స్‌ఎఫ్, అంతకంటే అరిగిన 20 నుంచి 35 దాకా వీఎఫ్. నాణెం అసలుదేమో అన్న సందేహం కొనేవాడి మనసులో ఉన్నప్పుడు, లేదా ఒక్క మెట్టు తేడాతో ధర బాగా మారేటప్పుడు ఈ డబ్బీకి విలువ. అసలుదని కంటికే తెలిసిపోయే, అరిగిన, కోట్లలో ముద్రించిన రూపాయికి వీఎఫ్ 30 అని ముద్ర వేయించుకుంటే, ఆ ముద్రకైన ఖర్చు నాణెం ధరను మించిపోతుంది.

సేకర్తలు భయపడే మాట ఇంకొకటి ఉంది, ‘డీటెయిల్స్’. నాణెం అసలుదే కానీ తోమారు, గీశారు, చెవి అతికించి తీశారు, ఆమ్లంలో ముంచారు అని తేలితే అంకె ఇవ్వరు. ‘ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్ – క్లీన్డ్’ లాంటి చీటీ పెట్టి పంపుతారు. పీసీజీఎస్ వాళ్లయితే తోమినదానికి 92, గీతలకు 95, దెబ్బతిన్నదానికి 98 అని కోడ్ కూడా ఇస్తారు. రుసుము మాత్రం మామూలుగానే వసూలవుతుంది. అందుకే నాణేలు ఏరడమంటే ముక్కాలు వంతు పని తీసేయాల్సినవాటిని తీసేయడమే.

దానికి కావలసిన సరంజామా తక్కువే. నూరో వంతు గ్రాము చూపించే, కనీసం 200 గ్రాములు మోసే చిన్న తూకం యంత్రం, పదింతలు చూపే భూతద్దం, డిజిటల్ కాలిపర్, మెత్తటి గుడ్డ పరిచిన బల్ల. పైన ట్యూబ్‌లైటు ఆర్పేసి, ఒక్క టేబుల్ లైటు మాత్రం వెలిగించండి. ట్యూబ్‌లైటు వెలుతురు అన్ని వైపుల నుంచీ పడి గీతల్ని దాచేస్తుంది. నాణేన్ని అంచులతోనే పట్టుకుని, దీపం కింద నెమ్మదిగా అటూ ఇటూ వంచండి. చేయి తాకని వెండి నాణెం మీద వెలుగు పట్టీ ఒకటి బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. అచ్చు దెబ్బకు లోహం మధ్య నుంచి అంచులకు పాకినప్పుడు ఏర్పడే, కంటికి కనిపించనంత సన్నని గీతల వల్ల వచ్చే మెరుపు అది.

చింతపండు చేసే నష్టం సరిగ్గా అక్కడే. పులుపులోని ఆమ్లం, వేళ్ల రాపిడి కలిసి ఆ సన్నని గీతల్ని కోసేస్తాయి. తోమిన నాణెం తళతళలాడుతుంది, నిజమే. కానీ వెలుగు పట్టీ తిరగదు. స్టీలు గిన్నె అడుగులా మొత్తం ఒకేసారి మెరుస్తుంది, భూతద్దంలో చూస్తే ఒకే దిక్కుకు పోయిన వెంట్రుకవాసి గీతలు కనిపిస్తాయి. విభూతి, పీతాంబరి పొడి, పళ్ల పేస్టు, వంటసోడా, అల్యూమినియం రేకు వేసి చేసే చిట్కాలు అన్నీ ఏదో ఒక రకంగా ఇదే పని చేస్తాయి. పోయిన మెరుపును ఏ పాలిషూ తిరిగి తేలేదు. నల్లబడ్డ వెండి మాత్రం తప్పేమీ కాదు. నీలం, బంగారు ఛాయలతో సహజంగా పట్టిన నలుపుకు సేకర్తలు ఎక్కువే ఇస్తారు.

కాబట్టి మొదటి విడతలోనే ఇవి పక్కకు పెట్టండి: చింతపండు తగిలినవన్నీ, చెవి మచ్చ ఉన్న ఆ రెండూ, రంధ్రం పడి పూడ్చినవి, బంగారు నీళ్లు పోయించినవి. మన ఊళ్లలో రూపాయలను దండలుగా కుట్టుకోవడం, నగలకు అతికించుకోవడం మామూలు కాబట్టి, మచ్చ కనిపించని నాణేలకూ అంచును పన్నెండు గంటల చోట, మూడు, తొమ్మిది గంటల చోట భూతద్దంతో చూడండి. అంచు గీతలు ఒకచోట కరిగి కలిసిపోయినట్టుంటే అది టంకం వేసిన గుర్తు. బొమ్మ చెంప మీదో, బొమ్మ, అక్షరాలు లేని ఖాళీ మైదానంలోనో చిన్న చంద్రవంకలా, పువ్వులా గుంట ఉంటే అది పాతకాలపు సరాఫులు (నాణేలు మార్చే వ్యాపారులు) వెండిని పరీక్షించడానికి కొట్టిన ముద్ర. చరిత్రగా అదీ బాగుంటుంది, కానీ గ్రేడింగులో డీటెయిల్సే.

మెత్తటి ప్లాస్టిక్ జేబులున్న ఆల్బంలో పెట్టిన నాణేల మీద ఆకుపచ్చని జిగురు పొర కనిపిస్తే అది పీవీసీ మరక. ఆ ప్లాస్టిక్ నుంచి వెలువడే ఆమ్లం వెండిలో కలిసిన రాగిని తినేస్తుంది. ఇదొక్కటి మాత్రం ఇంట్లో తీయొచ్చు. కెమికల్ దుకాణంలో దొరికే శుద్ధమైన అసిటోన్ కొనండి. గోళ్ల రంగు తీసే ద్రావణం పనికిరాదు, దాంట్లో నూనె, రంగు కలుపుతారు. గాజు గిన్నెలో అసిటోన్ పోసి నాణేన్ని పది నిమిషాలు ఉంచి, కొత్త అసిటోన్ ఉన్న రెండో గిన్నెలోకి మార్చి, తీసి గాలికి ఆరనివ్వండి. రుద్దొద్దు, తుడవొద్దు. పొయ్యి, దీపం దగ్గర అసలొద్దు, క్షణంలో అంటుకుంటుంది. అసిటోన్ వెండినేమీ చేయదు, జిగురునే కరిగిస్తుంది. పొర పోయాక కింద గుంటలు కనిపిస్తే ఆ నాణెం అప్పటికే దెబ్బతిన్నట్టు, గ్రేడింగుకు ఆశ వదులుకోవాలి.

రెండో విడత అరుగుదల చూడాలి. విక్టోరియా బొమ్మలో ముందుగా అరిగేది చెవి పైన జుట్టు, కిరీటం రత్నాలు, దుస్తుల మీది కుట్టుపని. ఎడ్వర్డ్‌కు చెవి, దాని పైన జుట్టు, గడ్డం కొస. ఐదో జార్జికి కిరీటం పట్టీ, కనుబొమ, మీసం, అంగీ మీది ఏనుగు. బొరుసు వైపు పూల రేకుల కొనలు. ఇక్కడ ఒక చిక్కుంది: అచ్చు సరిగా పడక వివరం రాకపోవడం, వచ్చి అరగడం చూడటానికి ఒకేలా ఉంటాయి. తేడా రంగులో తెలుస్తుంది. అచ్చు తేలికగా పడ్డ చోట కూడా చుట్టూ ఉన్న మెరుపే ఉంటుంది. అరిగిన చోట మాత్రం వెండి బూడిదరంగుకు తిరిగి చచ్చుబడి కనిపిస్తుంది. మొదటిది ఎంఎస్ కావచ్చు, రెండోది ఎంత అందంగా ఉన్నా ఏయూ దాటదు. సొంత నాణేన్ని చూసేటప్పుడు మనందరి కళ్లూ రెండు మెట్లు ఎక్కువే చూస్తాయి కాబట్టి, మీరు అనుకున్న గ్రేడు నుంచి ఒకటి తగ్గించే లెక్కలు వేసుకోండి.

ఇప్పుడు మీ డబ్బాలో గుంపుల వారీగా. 1912–1920 మధ్య జార్జి రూపాయల్లో గ్రేడింగుకు తగిన నాణెం దొరకడం కష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల జీతాలకూ సరుకుల కొనుగోళ్లకూ వెండి రూపాయలు విపరీతంగా కావలసివచ్చాయి. వెండి చాలక 1918లో పిట్‌మన్ చట్టం కింద అమెరికా తన వెండి డాలర్లు కరిగించి దాదాపు 26 కోట్ల డాలర్ల వెండిని బ్రిటన్‌కు అమ్మింది, అది మన టంకశాలలకు చేరింది. ఆ ఒక్క 1918 తేదీతోనే బొంబాయి, కలకత్తాలు ఒక్కోటీ 20 కోట్లకు పైగా రూపాయలు కొట్టాయి. అంటే మీ చేతిలోని 1918 రూపాయిలో ఒకప్పటి అమెరికా డాలరు వెండి ఉన్నా ఉండొచ్చు. కథ బాగుంటుంది, ధర బాగుండదు. కొత్తగా కొట్టినట్టు మెరుపు చెక్కుచెదరకుండా ఉంటే తప్ప దాన్ని పంపకండి.

1911 మాత్రం వేరు. రాజు అంగీ మీది ఏనుగు పొట్టి తొండంతో పందిలా కనిపిస్తోందని గొడవ లేచి ఆ రూపాయి ఆగిపోయింది. సుమారు 94 లక్షలు ముద్రిస్తే 7 లక్షలే చలామణిలోకి వచ్చాయి, మిగతావి కరిగించారు. 1912లో ఏనుగును దిద్దారు. సేకర్తలు దీన్ని ‘పిగ్ రూపీ’ అంటారు. అరిగినదానికీ గిరాకీ ఉంటుంది కాబట్టి తేదీని దిద్దినవి తిరుగుతుంటాయి. భూతద్దంలో ముందు ఏనుగు చూడండి, తర్వాత తేదీ చూడండి. తేదీ 1911, ఏనుగు తొండం పొడుగ్గా స్పష్టంగా ఉంటే అనుమానించాలి. మీ 1911 చింతపండు తప్పించుకుని, కనుబొమ గీతలు కనిపిస్తుంటే దేశంలోనే ధ్రువీకరణకు ఇవ్వొచ్చు.

1862 రూపాయల మీద తేదీ నిజం చెప్పదు. 1874 దాకా అదే తేదీతో కొట్టారు. బొరుసు వైపు తేదీ దగ్గర, పువ్వు దగ్గర ఉన్న చుక్కల లెక్కను బట్టీ, రాణి బొమ్మలోని, పూలలోని చిన్న తేడాలను బట్టీ రకాలు మారతాయి. కొన్ని చాలా సామాన్యం, కొన్ని అరుదు. మూడింటి చుక్కలనూ లెక్కపెట్టి, పాత వేలాల ఫొటోలతో పోల్చండి. అరుదైన రకమని అనిపిస్తే దరఖాస్తులో ఆ రకం కేటలాగ్ సంఖ్య రాయాలి. అడగకపోతే చాలా సంస్థలు చుక్కల జోలికి పోకుండా ‘1862 రూపాయి’ అని రాసి ఊరుకుంటాయి, అడిగితే అదనంగా వసూలు చేస్తాయి.

చార్మినార్ రూపాయల్లో ద్వారం మధ్య ఒక అక్షరం ఉంటుంది. ‘మీమ్’ ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలం, ‘ఐన్’ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. హాలీ సిక్కా అని పిలిచే ఈ నిజాం రూపాయి బ్రిటిష్ రూపాయి కంటే కాస్త తేలిక, 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. మన ప్రాంతంలో ఇవి ఇంటింటా ఉండేవి కాబట్టి మామూలు తేదీల అరిగిన రూపాయికి గ్రేడింగు దండగ. మెరుపుతో ఉన్న ఐన్ రూపాయి, అదీ 1329 తేదీది అయితే మాత్రం ఒకసారి చూపించండి.

ఈ నూరేళ్ల గుంపుకు దేశంలోనే నాణేలు పరీక్షించి సీలు వేసే సంస్థలున్నాయి. ఇచ్చేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘నా నాణేన్ని ఏ ఊళ్లో పరిశీలిస్తారు?’ విదేశీ డబ్బీ ఇప్పిస్తామని చెప్పే ఏజెంటు మీ 1862 రూపాయిని గుట్టుగా బయటికి పంపితే, నేరం మీ మెడకూ చుట్టుకుంటుంది. ఇక్కడి సీలుకు విదేశీ వేలంలో అంత విలువ ఉండదన్నది నిజమే, కానీ ఈ నాణేలు విదేశీ వేలానికి వెళ్లనే కూడదు కదా. ఇక్కడే అమ్మదలచుకుంటే పేరున్న భారతీయ వేలం సంస్థ కేటలాగులో ఫొటోతో, బరువుతో వేయించడమే చాలాసార్లు సరిపోతుంది.

ఇక అసలు నాణెం, 1939. ముందు దాని మీద ‘వన్ రూపీ’ అనే ఉందా? 1939 అర్ధ రూపాయి మామూలుగానే దొరుకుతుంది, అరుదైనది రూపాయి. పాత 91.7 శాతం వెండితో చలామణికి కొట్టిన రూపాయల్లో చివరి తేదీ అది. 1940 నుంచి వెండి సగమే, మిగతాది రాగి 40, నికెల్ 5, జింకు 5 శాతం. అరుదైనది కాబట్టి నకిలీలు కుప్పలు. పోత పోసినవీ, వేరే తేదీలో చివరి అంకె చెక్కి దిద్దినవీ ఉన్నాయి.

అంచుతో మొదలుపెట్టండి. 1940 తర్వాతి రూపాయల అంచుకు గీతల మధ్య చుట్టూ సన్నని గాడి ఉంటుంది. 1939 రూపాయికి గాడి ఉండకూడదు, నేరుగా గీతలే. గాడి కనిపిస్తే అక్కడితో ఆపేయొచ్చు. తర్వాత బరువు. రూపాయి అంటే సరిగ్గా తులం, 11.66 గ్రాములు. పెద్దగా అరగకుండానే 11.5కు దిగితే అనుమానం, అడ్డం కొలత 30.5 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. ఆ తర్వాత నీళ్ల పరీక్ష. తూకం మీద చిన్న గ్లాసులో నీళ్లు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుక్కీ పక్కలకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు తూకం చూపేది నాణెం తోసిన నీటి బరువు. 91.7 శాతం వెండి రూపాయికి అది సుమారు 1.13 గ్రాములు రావాలి. సగం వెండిదైతే 1.22 దగ్గర, జర్మన్ సిల్వర్ లాంటిదైతే 1.3 దాటుతుంది. నాణేనికి నీటి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, దారాన్ని ఒకసారి మెల్లగా ఊపి వదిలించండి. మీ డబ్బాలోని 1918 రూపాయితో ముందు చేసి చూసుకుంటే చేతికి అలవాటవుతుంది. చివరగా 9 అంకె. దాని చుట్టూ మైదానం నునుపు పక్క అంకెల చుట్టూ ఉన్నట్టే ఉందా, గీరిన జాడ ఉందా, 9 తోక మందం మొదటి 9తో సరిపోతుందా చూడండి.

ఇవన్నీ దాటినా అసలుదని తేలిపోయినట్టు కాదు, మంచి వెండితో అచ్చు కొట్టిన నకిలీలూ ఉన్నాయి. అందుకే ఈ నాణేనికి గ్రేడింగు. అంకె ఎంత వచ్చినా, ఆఖరికి డీటెయిల్స్ వచ్చినా, ‘అసలుది’ అన్న మాటకే ఇక్కడ ధర. చింతపండు తగిలిన 1939ను కూడా పంపమనే చెబుతాం.

1940–45 రూపాయలు, పులి బొమ్మ 1947 నికెల్ రూపాయలు, 1969, 1970 పది రూపాయలు చట్టం ప్రకారం వెళ్లొచ్చు, కానీ ఎందుకు? 1947 రూపాయి అయస్కాంతానికి అతుక్కుంటే అది సరైనదే, స్వచ్ఛమైన నికెల్ అలాగే చేస్తుంది. ఇవన్నీ ఇప్పటికీ ధారాళంగా దొరుకుతున్నాయి. వీటికి 66, 67 లాంటి అంకెలు వస్తేనే ఖర్చు గిట్టుబాటు, రేకు డబ్బాలో ఒకదాన్నొకటి రాసుకున్న నాణేలకు అవి రావు. ‘పాత నాణేనికి లక్షలు’ అని సామాజిక మాధ్యమాల్లో తిరిగే సందేశాలను నమ్మకండి. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని కమిషన్, పన్ను అంటూ ముందే డబ్బు గుంజుతున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఏదైనా నాణెం మీద మనసు ఊగిసలాడితే కాగితం మీద లెక్క వేయండి. అంకెలు ఊహించినవే, పద్ధతి చూడండి. ఒక రూపాయిని ఇలాగే అమ్మితే 3,000 వస్తుంది. గ్రేడింగు రుసుము, దరఖాస్తు రుసుము, రానుపోను కొరియర్, బీమా, ఏజెంటు కమిషన్ కలిపి నాణేనికి 4,500 అవుతుంది. ఎంఎస్ 63 వస్తే 9,000, ఏయూ 58 వస్తే 4,000, డీటెయిల్స్ వస్తే 2,000 పలుకుతుంది. పదింట మూడుసార్లు మొదటిది, ఐదుసార్లు రెండోది, రెండుసార్లు మూడోది వస్తుందనుకుంటే సగటున చేతికొచ్చేది 5,100. ఖర్చు పోను మిగిలేది 600. ఇలాగే అమ్మితే 3,000 వచ్చేది! చాలామంది మొదటి అంకె మాత్రమే చూసి పంపేస్తారు. ధరలు చూసేటప్పుడు అమ్మకందారు అడిగే ధర వదిలేసి, ముగిసిన వేలంలో నిజంగా పలికిన ధరే తీసుకోండి. గ్రేడింగు సంస్థలు ఏ గ్రేడులో ఎన్ని నాణేలు వచ్చాయో లెక్క ప్రచురిస్తాయి. అందులో ‘మూడే ఉన్నాయి’ అని కనిపిస్తే పొంగిపోవద్దు. చవక నాణేన్ని డబ్బు పెట్టి ఎవరూ పంపరు కాబట్టి కూడా ఆ అంకె చిన్నగా ఉండొచ్చు.

1939ను పంపేటప్పుడు గట్టి మైలార్ (పీవీసీ కలవని ప్లాస్టిక్) కవరులో పెట్టండి, మెత్తటి పీవీసీ కవరు వద్దు. అట్ట చట్రానికి స్టేపులర్ పిన్నులు కొట్టొద్దు, తీసేటప్పుడు ఆ పిన్నే నాణేన్ని గీస్తుంది. ముందుగా బొమ్మ, బొరుసు, అంచు ఫొటోలు, తూకం మీద పెట్టిన ఫొటో తీసి ఉంచుకోండి. ప్రకటిత విలువ తక్కువ రాస్తే దారిలో పోయినప్పుడు బీమా అంతే వస్తుంది, ఎక్కువ రాస్తే ఖరీదైన తరగతి రుసుము పడుతుంది. అసలుదై ఒక మోస్తరు గ్రేడు వస్తే ఎంత పలుకుతుందో అది రాయండి. చాలా కొరియర్లు నాణేలను తీసుకోవు, తీసుకున్నా బీమా ఇవ్వవు. తమ్ముడే కాగితాలతో చేత పట్టుకెళ్లి అక్కడ ఇవ్వడం అన్నిటికంటే క్షేమం.

మిగిలినవాటిని ఎవరైనా ‘తరుగు’ పేరు చెప్పి తూకానికి అడిగితే అందులో ఎంత వెండి ఉందో మీకు తెలిసి ఉండాలి. అరగని లెక్కన 1920 లోపు బ్రిటిష్ రూపాయిలో 10.69 గ్రాములు, చార్మినార్ రూపాయిలో 9.14, 1940–45 రూపాయిలో 5.83, 1969, 1970 పది రూపాయల్లో 12 గ్రాములు. 1947 రూపాయిలో వెండి లేదు.